చందమామను మింగిన మేక

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామానంతా కిందికి దించాల్సి వచ్చింది. మా అమ్మ పాత ఇనుప పెట్టెలో, చీరల అడుగున, ఒక వీడియో క్యాసెట్ కనిపించింది. నల్లటి డబ్బా. దాని మీద అరబ్బీ అక్షరాల కాగితం, ఆ కాగితం మీద సగం వెలిసిపోయిన ఏనుగు బొమ్మ. తొండం ఎత్తి నిలబడ్డ ఆ ఏనుగును చూడగానే నేను ఉన్నచోటే కింద కూర్చుండిపోయాను. రంగులు వేసే ఆయన నిచ్చెన దిగి వచ్చి, "ఏమైందక్కా, కండ్లు తిరుగుతున్నయా?" అంటూ నీళ్ల సీసా చేతికిచ్చాడు.

ఆరాంఘర్ దగ్గర, పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే స్టూడియో ఒకటి ఉంది. నడిపేది ఒక పెద్దాయన. ఆయన మూత తెరిచి, టేపును వెలుతురులో పట్టుకుని చూశాడు.

"బూజు వట్టిందమ్మా. అయినా చూస్త. పెండ్లిదేనా?"

"కాదన్నా. బొమ్మల సినిమాలు. చిన్న చిన్నవి."

ఆయన నా నెరిసిన జుట్టు వంక ఒకసారి చూశాడు. "గసొంటియి ఇప్పుడు ఫోన్ల మస్తు దొరుకుతయ్ గదమ్మా. గీ పాతదానికి ఎందుకు పరేషాన్?"

"ఇవి దొరకవన్నా" అన్నాను.

వారం ఆగి రమ్మన్నాడు. సాతంరాయిలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే నెత్తి మీదుగా విమానం ఒకటి కాళ్లు చాపుకుని దిగిపోయింది. అది దిగిన వైపే మా ఊరు ఉండేది. తొండుపల్లి దాటి లోపలికి పోతే, రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు, మధ్యమధ్య జొన్న చేలు. ఇప్పుడు ఎత్తైన గోడ కట్టిన చోట మా మేకలు మేసేవి. ఆ మేకలను కాసింది మా మేనత్త.

మేనత్త అంటే మా బాపు సొంత చెల్లెలు. పుట్టుకతోనే ఆమెకు చెవులు వినిపించవు. వినిపించలేదు కాబట్టి మాట కూడా రాలేదు. ఊళ్లో అందరూ మూగామె అనేవారు. ఇంట్లో కూడా ఆమె పేరుతో ఎవరికీ పనిపడేది కాదు, పిలిస్తే వినబడదు కదా. దగ్గరికి పోయి భుజం తట్టాల్సిందే. మాకు మేం చేసుకున్న సైగలు కొన్ని ఉండేవి. మీసం మెలితిప్పితే బాపు. ముక్కు పక్కన వేలు పెడితే, ముక్కుపుల్ల ఉంది కాబట్టి, నాయనమ్మ. రెండు జడలు లాగినట్టు చేస్తే నేను. చెవుల మీద రెండు వేళ్లు నిలబెడితే మేక. అన్నం, నీళ్లు, వాన, కోపం. ఇంటిపనికి అవి చాలేవి. అంతకు మించి ఆమెకు చెప్పాల్సింది ఏమైనా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

డేరా సినిమా వచ్చినప్పుడు ఒక్కసారి ఆమెను కూడా తీసుకుపోయారట. తెర మీద మనుషులు గంటలకొద్దీ నోళ్లు కదుపుతూనే ఉన్నారు. ఆమె కాసేపు చూసి, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయిందట. ఆ తర్వాత అందరూ సినిమాకు పోతే ఇంటి కాపలా ఆమెదే.

మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, అప్పుడు గల్ఫ్‌లో ఒక పెద్దింట్లో కారు నడిపేవాడు. ఆ ఎండాకాలం సెలవు మీద వచ్చాడు. ఆయన పెట్టె తెరిస్తే ఇంట్లో నాలుగు రోజులు సబ్బు వాసన, అత్తరు వాసన, తలనొప్పి మందు వాసన కలిసి తిరిగాయి. ఆ వాసనల మధ్య ఒక రంగుల టీవీ, ఒక వీసీఆర్ ఉన్నాయి. వీసీఆర్ ఆ ఇంటివాళ్లు పాతదైందని ఇచ్చేసినదట. దానితో పాటు వాళ్ల పిల్లలు చూసి పక్కన పడేసిన క్యాసెట్ ఒకటి.

మరునాటి సాయంత్రానికి ఊరు సగం మా వాకిట్లో ఉంది. మగవాళ్లు మంచాల మీద, ఆడవాళ్లు గోడవారన, పిల్లలం ముందు నేల మీద. నాయనమ్మ ఉడకబెట్టిన శెనగ గుడాలు పెద్ద గిన్నెలో తెచ్చి పెట్టింది. లోపల మామిడికాయ తొక్కు కోసం కాచిన పల్లినూనె వేడి వాసన వాకిలి దాకా వస్తోంది. అందరూ తెలుగు సినిమా కోసం ఎదురుచూస్తున్నారు. తెలుగు క్యాసెట్ శంషాబాద్‌లో కిరాయికి తేవాలని, ఈరోజు దుకాణం మూసి ఉందని చిన్నాయన గొణుగుతూనే ఉన్న ఒక్క క్యాసెట్ లోపలికి తోశాడు.

తెర మీద రంగులు కూడా లేవు. తెలుపు నలుపు గీతల బొమ్మలు. ఒక ఏనుగు నిప్పులార్పే బండి నడుపుతోంది.

"గిదేందిరా! పోరగాండ్ల బొమ్మలా?" అన్నాడు మంచం మీది పెద్దమనిషి ఒకాయన.

"గింత దూరంకెల్లి గిది మోస్కొచ్చినవా?" అన్నాడు ఇంకొకాయన. మగవాళ్లు కొందరు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. చిన్నాయన ముఖం చిన్నబోయింది.

అప్పుడు వెనకనుంచి నవ్వు వినిపించింది. బొంగురుగా, విరిగి విరిగి, చెరువులో కడవ ముంచినప్పుడు వచ్చే గుడగుడ లాంటి నవ్వు. అందరం వెనక్కి తిరిగాం. గడపలో చాట పట్టుకుని మేనత్త నిలబడి ఉంది. ఏనుగు తొండంతో నీళ్లు చిమ్మబోయి, గొట్టం మీద తన కాలే వేసుకుని నిలబడి ఉంది. నీళ్లు రాక తొండంలోకి తొంగిచూస్తోంది. అది కాలు తీయబోతోందని, నీళ్లు ముఖాన కొట్టబోతున్నాయని మాకు ఇంకా తట్టలేదు. మేమంతా ఎవరైనా ఏదైనా మాట్లాడతారేమో, కథ ఏమిటో చెబుతారేమో అని చూస్తున్నాం. ఆమె జీవితమంతా ముఖాలూ చేతులూ కాళ్లూ చూసే కథ తెలుసుకున్న మనిషి. తెర మీద మాటలు లేని లోకం కనిపించేసరికి అందరికంటే ముందు ఆమే అందులోకి నడిచిపోయింది.

ఏనుగు కాలు తీసింది. నీళ్లు ముఖాన కొట్టాయి. అప్పుడు వాకిలంతా నవ్వింది. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

ఆ క్యాసెట్‌లో ఏనుగు తర్వాత కప్పల బ్యాండుమేళం, దాని తర్వాత కోటు కుట్టే నీటిగుర్రం, అన్నిటికంటే ఆఖర్న ఒక మేక. ఆ మేకకు ఏది కనిపించినా తినేయడమే పని. తీగ మీద ఆరేసిన చొక్కాలు తింటుంది, యజమాని టోపీ తింటుంది, గడియారం తింటే దాని కడుపు టిక్కుటిక్కుమని కదులుతుంది. "అగో, అచ్చం మన నల్లమ్యాక లెక్కనే!" అని నాయనమ్మ నోటి మీద చేయి వేసుకుంది. మేక తింటూ తింటూ గుట్ట ఎక్కుతోంది. గుట్ట మీద గుండ్రంగా చందమామ.

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

పొద్దుమూకే వేళ కరెంటు పోవడం మాకు కొత్త కాదు గానీ, ఆ రోజు పిల్లలం పెట్టిన గోలకు కుక్కలు కూడా అరిచాయి. నాయనమ్మ పొయ్యి చూసుకోవడానికి లోపలికి పోయింది. మేనత్త కందీలు ముట్టించి తెచ్చింది. గోడ ముందు పెట్టి, మా వైపు తిరిగి, చెవుల మీద రెండు వేళ్లు నిలబెట్టింది. గోడ మీద నీడ మేకైంది.

ఆమె నీడ మేక గుట్ట కొన దాకా ఎక్కింది. చందమామను వాసన చూసింది. నాలుకతో కొద్దిగా నాకి, బెల్లం తిన్న పిల్లలా కళ్లు మూసుకుంది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా కొరికింది. చందమామ సగమైంది, నెలవంకైంది, అయిపోయింది. మేనత్త తన కొంగుతో కందీలు కప్పేసింది. లోకమంతా చీకటి. చీకట్లో తడుముకుంటూ మనుషులు కట్టెలు పట్టుకుని గుట్ట ఎక్కుతున్నారు, ఒకరికొకరు తగిలి పడుతున్నారు. ఇక మేకను కొడతారనగా, అది భయంతో నోరు తెరిచింది. కొంగు పక్కకు జరిగింది. మేక నోట్లోంచి వెలుగు! మనుషులు ఎత్తిన కట్టెలు దించేశారు. ఆ వెలుగులో దారి చూసుకుంటూ మేక వెనకాలే నడిచి, అందరూ ఎవరిళ్లకు వాళ్లు చేరుకున్నారు.

చిన్నపిల్ల ఒకతి లేచి పోయి, మేనత్త నోట్లోకి తొంగిచూసింది.

ఆ తర్వాత తెలుగు సినిమాలు వచ్చాయి, పోయాయి. పిల్లలకు మాత్రం రోజూ సాయంత్రం ఆ బొమ్మలే కావాలి. మేక గుట్ట ఎక్కే వేళకు తరచుగా కరెంటు పోయేది. పోకపోతే మేమే టీవీ ఆపించేవాళ్లం. "ఆపు చిన్నాయనా, అత్తమ్మ చేస్తది!" అని అరిచేవాళ్లం. చిన్నాయన ఆమెకు మీటలు నొక్కడం నేర్పాడు. పగలు, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఒక్కతే కూర్చుని చూసుకునేది. ముంజలు తెచ్చినప్పుడు మొదటి ముంజ ఆమెకే ఇవ్వాలని పిల్లలం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఊళ్లో ఆమె నడుస్తుంటే పిల్లలు ఎదురొచ్చి చెవుల మీద వేళ్లు పెట్టేవారు. అంతకు ముందు ఆమెకు ఊళ్లో ఎవరూ ఎదురొచ్చేవారు కాదు.

ఆ రోజుల్లోనే, పిల్లలకు సూదులు వేసే నర్సమ్మ మా ఊరికి వచ్చింది. ఆంధ్ర వైపు మనిషి, శంషాబాద్‌లో కిరాయికి ఉండేది. పని ముగిసేసరికి పొద్దు వాలింది. చాయ్ తాగి పొమ్మని అమ్మ కూర్చోబెట్టింది. అలా ఆమె కూడా మేక కథ చూసింది. చూస్తున్నంతసేపూ చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"ఈ అమ్మాయి ఇదంతా ఎక్కడ నేర్చుకుందండీ?" అని, అప్పుడే పొయ్యి దగ్గరినుంచి వచ్చిన నాయనమ్మను అడిగింది.

"యాడ నేర్సుకుంటది బిడ్డా? మ్యాకల కాడ."

"మా అక్కయ్య పట్నంలో చెవిటి పిల్లల హాస్టల్లో పని చేస్తుందండీ. చిన్నపిల్లలను చూసుకోవడానికి మనిషి కోసం వెతుకుతున్నారు. ఈమెను పంపుతారా? తిండి, ఉండడం అన్నీ అక్కడే."

నాయనమ్మ ముఖం గట్టిపడింది. "మాట రాని పిల్లను పట్నం తోలాల్నా? ఎవడన్న ఏమన్న జేస్తె ఎవలకు జెప్పుకుంటది?"

"అక్కడ ఉన్నవాళ్లంతా ఆమెలాంటివాళ్లేనండీ. చెప్పుకోవడానికి మనుషులు దొరికేది అక్కడేనేమో ఆలోచించండి."

నాయనమ్మకు వేరే ఆలోచన ఉంది. భార్య పోయిన ఒకాయన సంబంధం అప్పటికే ఆమె చెవిన పడింది. ఆయనకు బర్రెలు ఉన్నాయి, ఎదిగిన పిల్లలు ఉన్నారు, ఇల్లు చూసుకునే మనిషి కావాలి. "నేనున్నన్ని దినాలు సరే. నా ఎనుక దీనికి బువ్వ ఎవలు వెడ్తరు?" అని బాపుతో అంటూ ఉండేది. బాపు తలవంచుకుని బీడీ కాల్చేవాడు. మేనత్తను ఎవరూ అడగలేదు. పెళ్లి గురించి అడగడానికి మా సైగల్లో సైగే లేదు.

తొలకరి పడి నేల వాసన వేస్తున్న ఒక పొద్దున వాళ్లు వచ్చారు. పెళ్లికొడుకు, అతని మేనమామ. మేనమామ నెత్తికి ఎర్ర రుమాలు చుట్టుకుని ఉన్నాడు. ఒక కొస భుజం మీదికి వేలాడుతోంది. చాయ్‌లు అయ్యాయి. మేనత్తను కొత్త చీర కట్టించి స్తంభం పక్కన నిలబెట్టారు. నేను ఆమె పక్కనే ఉన్నాను. గోడ మీద ఊరి పిల్లలంతా వరసగా కూర్చున్నారు.

మేనమామ చాయ్ గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకుని, నాయనమ్మతో అన్నాడు. "మాట రాకుంటె ఏమాయెనక్కా, మంచిదే. ఎదురు జవాబియ్యది. ఇల్లు సల్లగుంటది."

పెళ్లికొడుకు నవ్వాడు. బాపు నవ్వలేదు. నాయనమ్మ కళ్లు నేల మీద వాలాయి.

మేనత్త అందరి ముఖాలూ చూసింది. ఒకరు నవ్వారు, ఒకరు తల దించారు, ఏదో అన్నారని ఆమెకు తెలిసిపోయింది. నా జడ మెల్లగా లాగి, కనుబొమలు ఎగరేసింది. ఏమన్నాడు?

నేను చిన్నపిల్లను. అడిగితే చెప్పాలని మాత్రమే తెలుసు. మేనమామ వైపు చూపించాను. ఆమె వైపు చూపించాను. నోటికి అడ్డంగా చేయి పెట్టుకుని, తల వంచి, చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చి ఊడ్చి చూపించి, ఆ మనిషి అది చూసి సంతోషపడుతున్నట్టు పొట్ట నిమురుకున్నాను.

ఆమె నన్ను చూసింది. ఆయన్ను చూసింది. చీర కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత, మెల్లగా, చెవుల మీద రెండు వేళ్లు నిలబెట్టింది.

గోడ మీద పిల్లలంతా ముందుకు వంగారు.

మేక వాకిలి దాటుకుని మేనమామ దగ్గరికి నడిచింది. చాయ్ గ్లాసు వాసన చూసింది, నచ్చలేదు. మోకాలు వాసన చూసింది, నచ్చలేదు. ఎర్ర రుమాలు కొస కనిపించింది. తలను అటు వంచి ఇటు వంచి, ఆ కొసను పళ్ల మధ్య పట్టుకుని, తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. నములుతూ వెనక్కి అడుగులు వేస్తుంటే రుమాలు మడత తర్వాత మడత విడిపోతూ వచ్చింది. మేనమామ బట్టతల ఎండలో బయటపడింది. పిల్లలు గోడ మీదినుంచి పడిపోయేంతగా నవ్వారు.

ఆయన లేచి రుమాలు లాక్కున్నాడు. "పిచ్చిదాన్ని మాకు అంటగడ్తున్నరా?"

బాపు కూడా లేచాడు. అంతవరకూ పెద్దవాళ్ల ఎదుట ఆయన గొంతు ఎత్తగా నేను చూడలేదు. "పిచ్చిది గాదు. ఎదురు జవాబియ్యదంటివి గద. ఇచ్చింది. ఇగ పోయిరాండ్రి" అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక నాయనమ్మ మేనత్త వీపు మీద అరచేత్తో కొట్టింది. మేనత్త కదల్లేదు. నాయనమ్మ మళ్లీ చేయి ఎత్తి, దించేసి, మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించింది అమ్మే. నాయనమ్మ అన్నం ముట్టలేదు.

తెల్లవారి నేను నిద్ర కళ్లతో దొడ్లోకి పోయేసరికి నాయనమ్మ నల్లమేక పాలు పితుకుతోంది. మేనత్త ఇంకా లేవలేదు. నన్ను చూసి, చెంబు మీదినుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"గా సిన్మల మ్యాకకు ఆఖర్కి ఏమాయెనే?"

రోజూ నాయనమ్మ ఆ వేళకు పొయ్యి దగ్గర ఉండేది. ఆఖరు దాకా ఎన్నడూ చూడలేదట. నేను చెప్పాను. చందమామను మింగింది, చీకటైంది, అందరూ కట్టెలు పట్టుకొచ్చారు.

"కొట్టిన్రా?"

"కొట్టలే నాయినమ్మా. అది నోరు తెరిస్తె ఎలుగొచ్చింది. అందరు దాని ఎనుకనే నడిశిన్రు."

"దాని ఎనుకనే నడిశిన్రా!"

"ఆఁ. గా ఎలుగులనే ఇండ్లకు పోయిన్రు."

పాలధార చెంబులో పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. నురగ పైకి వచ్చింది. నాయనమ్మ మేకను తట్టి పక్కకు తోలి, మోకాళ్లు పట్టుకుని లేచింది.

"పోయి మీ బాపును లేపు. గా సూదుల సిస్టరమ్మను అడిగి రమ్మను. జాగ ఉన్నదో, పోయిందో."

జాగా ఉంది. మేనత్త పోయే రోజు నాయనమ్మ జొన్నరొట్టెలు, కొత్త తొక్కు జాడీలో పెట్టి ఇచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి ఆమె చేయి వదల్లేదు. దసరాకు మేనత్త ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతులు మాకు అందనంత వేగంగా తిరిగాయి. అక్కడ సైగలతో ఒక పూర్తి భాషే ఉందట. హాస్టల్లో ఏ పిల్ల ఏం చేసింది, వంటామె ఎవరితో పోట్లాడింది, అన్నీ చెప్పేది. నాయనమ్మ అలసిపోయి అమ్మతో అనేది, "ఏం మాటలే తల్లీ! నోరే మూయది. జర ఆగి చెప్పుమను, నాకు అందుతలేదు." అంటూనే తన మంచం ఆమె మంచం పక్కకు జరుపుకునేది.

చిన్నాయన తిరిగి గల్ఫ్‌కు పోయాడు. వీసీఆర్ రెండో వానాకాలానికే చెడిపోయింది. తర్వాత నాయనమ్మ పోయింది. తర్వాత మా చేలూ గుట్టలూ విమానాశ్రయం కిందికి పోయాయి, మేం సాతంరాయికి వచ్చి పడ్డాం. మేనత్త ఆ హాస్టల్లోనే ఎన్నో తరాల పిల్లలను పెంచి, పని విరమించాక నా దగ్గరికి వచ్చింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. నేను కొంచెం సైగల భాష నేర్చుకున్నాను. తప్పులు చేస్తే ఇప్పటికీ నా చేతుల మీద కొడుతుంది.

పెన్‌డ్రైవ్ తెచ్చిన మధ్యాహ్నం ఆమెకు ఏమీ చెప్పకుండా టీవీ ముందు కూర్చోబెట్టాను. గీతలు, మచ్చలు, వణుకు. ఆ వెనక ఏనుగు. ఆమె రెండు చేతులూ ఒళ్లో బిగిసిపోయాయి. ఏనుగు గొట్టం మీద కాలు వేసింది. అదే నవ్వు, కడవ ముంచినట్టు. నాకంటే ముందే.

కప్పలు వచ్చాయి, నీటిగుర్రం వచ్చింది. మేక వచ్చింది. చొక్కాలు, టోపీ, గడియారం. గుట్ట ఎక్కింది. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఆకాశంలో చందమామ ఉంది. మేక తలెత్తి దాని వంక చూసింది. అంతే. వెనకనుంచి యజమాని వచ్చాడు. మెడకు తాడు వేశాడు, లాక్కొచ్చి గుంజకు కట్టేశాడు. తెర చుట్టూ నలుపు ముసురుకుని, మేక ముఖం దాకా వచ్చి, మూసుకుంది.

టేపు చెడిపోయి మధ్యలో ముక్క పోయిందేమో అనుకున్నాను. వెనక్కి తిప్పాను. మళ్లీ తాడు, మళ్లీ గుంజ. ముక్క ఏదీ పోలేదు.

మేనత్త భుజం తట్టి అడిగాను. చందమామను మింగేది ఏది?

ఆమె తాపీగా చేతులు కదిపింది. అందులో లేదు. ఎప్పుడూ లేదు. పగలు ఒక్కదాన్నే చూశాను కదా, తాడు సంగతి నాకు మొదటి రోజు తర్వాత కొన్నాళ్లకే తెలిసింది.

మరి?

అరచేయి నేలకు కొంచెం ఎత్తులో పెట్టి, వరసగా కూర్చున్న పిల్లలను చూపించింది. నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్ల ముందుకు తాడు తీసుకురమ్మంటావా?

పాలు పితుకుతూ నాయనమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. ఆ పొద్దున ఈమె నిద్రలో ఉంది. తల్లి మనసు ఎలా మారిందో ఈమెకు ఎవరైనా చెప్పారా? అడిగాను. మీసం మెలితిప్పి చూపించింది. అన్న నచ్చజెప్పాడు కదా, అంతే కదా.

కాదన్నాను. దొడ్డిని చూపించాను, తెల్లవారిన వేళ చూపించాను. నల్లమేక, చెంబు, అందులోకి పడుతున్న పాలు. ముక్కు పక్కన వేలు పెట్టి నాయనమ్మను చూపించాను. ఆమె తల ఎత్తకుండా ఏమడిగిందో, నేను ఏం చెప్పానో, విని ఆమె ఎంతసేపు మాట్లాడలేదో, నాకు వచ్చిన సైగలతో, రానిచోట మా పాత సైగలతో, తడుముకుంటూ చెప్పాను.

మేనత్త కదలకుండా చూసింది. ఈసారి నా తప్పులకు కొట్టలేదు. నేను ముగించాక తన ముక్కు పక్కన వేలు పెట్టుకుంది. చెవుల మీద రెండు వేళ్లు నిలబెట్టింది. కనుబొమలు ఎగరేసింది. అమ్మ? మేక గురించి? అడిగిందా?

అవునన్నాను.

కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీ నా వైపు తిప్పుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పమంది.